కథలలోని ఏకాంతవాసులు

మానవుడు సంఘజీవి. పుట్టినది మొదలు గిట్టువరకు అతడు నలుగురి నడుమ మెలగును. తల్లి ఒడి, తండ్రి చేయి, తోబుట్టువుల ఆటపాటలు, గురువుల బోధ, మిత్రుల మాట, ఇవి యన్నియు కలిసి అతనిని తీర్చిదిద్దును. ఆకలి యైనచో అన్నము పెట్టువారు, జబ్బుపడినచో మందిచ్చువారు, తప్పు చేసినచో దండించువారు అతనికి కలరు. అయినను ఒక్క పని మాత్రము అతనికై మఱియొకరు చేయజాలరు. తానెవరో తాను తెలిసికొనుటయే ఆ పని. అద్దమును ఇంకొకరు తెచ్చి ఈయవచ్చును. అందు ముఖము చూచుకొనవలసినవాడు తానే.

ఈ సత్యమును కథకులు ఏనాడో గుర్తించిరి. ఏ దేశపు కథను చూచినను, ఏ కాలపు కావ్యమును చదివినను, ప్రధానపాత్ర ఏదో ఒక ఘట్టమున ఒంటరి యగుట తఱచుగా కానవచ్చును. ఒకడు అడవికి పోవును. ఒకడు మంచుకొండపై దారి తప్పును. ఒకడు నడిసముద్రపు దీవిలో చిక్కుకొనును. మఱియొకడు వందలమంది నడుమనే ఉండి, ఎవరికిని చెప్పుకొనలేని దిగులుతో కుమిలిపోవును. కథకుడు తన పాత్రను ఇట్లు ఒంటరిని చేయుట కష్టపెట్టవలెనని కాదు, పరీక్షింపవలెనని. పదిమంది చూచుచున్నప్పుడు మంచివాడుగా ఉండుట సులభము. ఎవరును చూడనప్పుడు మనిషి ఏమి చేయును, ఏమి తలచును అన్నదియే అతని నిజస్వరూపము. ఆ పరీక్షలో అందరును నెగ్గలేదు. నెగ్గినవారెట్లు నెగ్గిరి, ఓడినవారేల ఓడిరి అని విచారించుట చదువుకొను బాలబాలికలకు మిక్కిలి అవసరము.

తెలుగు బాలురకు చిరపరిచితుడైన ఏకాంతవాసి ధ్రువుడు. పోతన భాగవతమున నాలుగవ స్కంధములో అతని కథ కలదు. ఉత్తానపాద మహారాజునకు సునీతి, సురుచి యని ఇరువురు భార్యలు. సునీతి కొడుకు ధ్రువుడు, సురుచి కొడుకు ఉత్తముడు. ఒకనాడు తండ్రి తొడపై కూర్చున్న ఉత్తముని చూచి, ధ్రువుడును ఎక్కబోయెను. సవతితల్లి పరుషవాక్యములాడి అతనిని అడ్డగించెను. తండ్రి ఊరకుండెను. ఐదేండ్ల పసివాడు ఏడ్చుచు తల్లిని చేరి, ఆమె మాట విని ఇల్లు విడిచెను. నారదుడు దారిలో ఎదురై, ఇది పెద్దలకే కష్టమైన పని యని వారించి చూచెను. బాలుడు మరలలేదు. యమునాతీరమున మధువనము చేరి తపస్సు చేసెను.

ఈ కథలో పిల్లలు తఱచుగా గమనింపని విషయము ఒకటి కలదు. ధ్రువుడు అడవికి పోయినది జ్ఞానము కొరకు కాదు. అవమానముతో పోయెను. తన వంశమున ఎవరును పొందని గొప్ప స్థానమును సంపాదింపవలెనను పట్టుదలతో పోయెను. ఏకాంతమున అతని మనస్సు మాఱెను. భగవంతుడు ప్రత్యక్షమై కోరినది ప్రసాదించిన పిమ్మట అతడు పొంగిపోలేదు. అంతటివానిని చూచియు ఇంత చిన్న కోరిక కోరితినే యని చింతించుచు ఇంటిదారి పట్టెను. వెళ్ళునప్పుడు తనకు పెద్దదిగా తోచినది, వచ్చునప్పుడు చిన్నదిగా తోచినది. కోరికల కొలత మాఱుటయే ఏకాంతము చేసిన మేలు.

అయితే ఆ కథ అంతటితో ముగియదు. కొంతకాలమునకు తమ్ముడు ఉత్తముడు వేటకు పోయి ఒక యక్షునిచేత మరణించెను. ధ్రువుడు ఆగ్రహించి అలకాపురిపై దండెత్తి, ఏ పాపమును ఎఱుగని యక్షులను సైతము చంపసాగెను. అప్పుడు తాతయైన స్వాయంభువ మనువు వచ్చి, ఒకడు చేసిన తప్పునకు అందరిని శిక్షించుట తగదని మందలించి ఆపెను. చిన్ననాడు ఏకాంతమున సాధించిన శాంతి యుద్ధభూమిలో చెదరిపోయెను; దానిని తిరిగి నిలిపినది ఒక పెద్దమనిషి మాట. కావున ఏకాంతము ఒక్కసారి ఫలించినంత మాత్రమున మనిషికి ఇక ఎవరితోను పనిలేదని అనుకొనరాదు. ఒంటరిగా నేర్చినది నలుగురిలో నిలుపుకొనవలెను. అందుకు పెద్దల తోడు కావలెను.

శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన తన మనుచరిత్రలో మఱియొక ఏకాంతవాసిని సృష్టించెను. అతడు అరుణాస్పదపురవాసియైన ప్రవరుడు. నిత్యాగ్నిహోత్రి, గృహస్థు. ఊరు కదలుటకు తీరికలేనివాడు. కాని దేశములు తిరిగివచ్చిన వారి నోట క్షేత్రవిశేషములు వినుటయన్నచో అతనికి మిక్కిలి మక్కువ. ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపము మహిమతో అతడు క్షణములో హిమాలయము చేరెను. కొండల అందము చూచి మైమఱచియుండగా మంచునీటికి ఆ లేపము కరిగిపోయెను. ఇంటికి చేరు ఉపాయము లేదు. తోడు లేదు. ఆ స్థితిలో వరూధిని యను గంధర్వకాంత ఎదురై తనతో ఉండిపొమ్మని వేడుకొనెను.

ప్రవరుని ఊరివారెవరును అక్కడ లేరు. అతడేమి చేసినను చెప్పువారు లేరు, అడుగువారు లేరు. అయినను అతని మనస్సు ఇంటిపైననే ఉండెను. వృద్ధులైన తల్లిదండ్రులు, భార్య, వేళకు చేయవలసిన అగ్నికార్యము, ఇవియే అతనికి గుర్తుకు వచ్చినవి. అతడు ఆమెను కాదని, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరెను. ధ్రువునికి ఏకాంతము ఒక మార్పు తెచ్చినది. ప్రవరునికి మార్పు తేలేదు. అతనిలో ముందే ఉన్నదానిని బయటపెట్టినది. ఊరిలో ఉన్నన్నాళ్ళు అతని నియమము అలవాటో, భయమో, నిజమైన నిష్ఠయో ఎవరు చెప్పగలరు? బహుశః అతనికే తెలియదు. మంచుకొండ మీద అది తేటతెల్లమయ్యెను.

ఏకాంతమునకు చుట్టును మనుష్యులు లేకుండుటయే గుర్తు కాదు. వాల్మీకి రామాయణమున సీతాదేవి అశోకవనమున రాక్షసస్త్రీల కాపలాలో ఉండెను. వారు పగలును రాత్రియు ఆమెను బెదరించుచునే యుండిరి. అట్టివారి నడుమ ఉన్నను ఆమెకు మాటాడుకొనదగిన మనిషి లేదు. ఆ ఒంటరితనమున ఆమె తన విలువను మఱవలేదు. హనుమంతుడు వచ్చి తన వీపుపై కూర్చుండబెట్టుకొని తీసికొనిపోదునన్నను ఆమె అంగీకరింపలేదు. శ్రీరాముడే వచ్చి రావణుని జయించి తనను కొనిపోవుట తగునని చెప్పెను. చెఱనుండి తప్పించుకొనుటకన్న చెఱనుండి గౌరవముతో వెలువడుట ఆమెకు ముఖ్యము. ఈ నిర్ణయమును ఆమెకు ఎవరును చెప్పలేదు. తన మనస్సునే సభగా చేసికొని తానే తీర్పు చెప్పుకొనెను.

పాశ్చాత్య సాహిత్యమున ఏకాంతవాసి అనగానే అందరికి గుర్తుకు వచ్చు పేరు రాబిన్సన్ క్రూసో. ఆంగ్లరచయిత డేనియల్ డీఫో వ్రాసిన ఆ నవల 1719వ సంవత్సరమున వెలువడెను. తండ్రి మాట వినక ఓడ యెక్కిన క్రూసో, ఓడ మునిగి, జనసంచారము లేని దీవి చేరును. అక్కడ ఇరువది యెనిమిదేండ్లు గడపును. మొదట అతడు దిగులుతో కుంగిపోవును. పిదప ఒక కాగితము తీసికొని, తనకు కలిగిన కీడులను ఒకవైపు, మేలులను మఱియొకవైపు, వర్తకుడు పద్దులు వ్రాసినట్లు వ్రాసికొనును. మనుష్యులకు దూరమైతినన్నది కీడు. తోటివారందరును మునిగిపోగా తాను బ్రతికియుండుట మేలు. ఇట్లు లెక్క చూచుకొనిన పిమ్మట అతడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఇల్లు కట్టెను, ధాన్యము పండించెను, మేకలను మచ్చిక చేసెను, మట్టితో కుండలు చేయుట నేర్చెను.

క్రూసో కథలో మఱియొక ఘట్టము ఆలోచింపదగినది. ఏండ్ల తరబడి మనిషి ముఖము చూడక పరితపించినవాడు, ఒకనాడు ఇసుకలో ఒక మనిషి అడుగుజాడను చూచెను. సంతోషింపవలసినవాడు భయముతో పరుగెత్తి తన కోటలో దాగెను. ఏ తోడు కొరకు అంతగా అలమటించెనో, ఆ తోడే ఎదురగునప్పుడు వణకిపోయెను. చిరకాలము ఒంటరిగా ఉన్నవానికి తోటిమానవుడు శత్రువుగా తోచు ప్రమాదము కలదని ఈ ఘట్టము హెచ్చరించుచున్నది.

ఈ కథలన్నింటిలోను ఏకాంతవాసి మనస్సును పాఠకుడు బయటినుండియే చూచును. అతడు చేసిన పనినిబట్టియో, పలికిన పలుకునుబట్టియో తెలిసికొనును. ఇరువదవ శతాబ్దమున తెలుగు నవల వేఱొక మార్గము త్రొక్కెను. అది పాత్ర మనస్సులోనికే ప్రవేశించెను. దీనికి ఒక కారణము చదువు పద్ధతి మాఱుట యని చెప్పవచ్చును. పూర్వము పురాణమును ఒకరు చదువగా ఊరందరును అరుగుల మీద కూర్చుండి వినెడివారు. ధ్రువుని ఏకాంతమును వందమంది కలిసి విని కన్నీరు పెట్టెడివారు. అచ్చుపుస్తకములు, గ్రంథాలయములు వచ్చిన పిదప చదువరి ఒంటరియయ్యెను. హైదరాబాదు నగరమున 1901వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము స్థాపింపబడెను. అట్టి గ్రంథాలయమున ఒక బల్ల చుట్టు పదిమంది కూర్చున్నను, ఎవరి పుస్తకము వారిది, ఎవరి లోకము వారిది. మౌనముగా చదువువానికి, తనవలెనే మౌనముగా ఆలోచించు కథానాయకుడు దగ్గఱివాడుగా తోచెను.

అట్టి నవలలలో త్రిపురనేని గోపీచంద్ రచించిన అసమర్థుని జీవయాత్ర పేరెన్నికగన్నది. అది 1940వ దశకమున వెలువడెను. తెలుగున మనోవైజ్ఞానిక నవలలకు దారితీసిన రచనగా విమర్శకులు దానిని ప్రశంసించిరి. అందలి నాయకుడు సీతారామారావు. కలిగిన కుటుంబమున పుట్టినవాడు. వంశప్రతిష్ఠను నిలుపవలెనను తపనతో ఆస్తిని కరగబెట్టెను. చేతిలోని ధనము పోయినకొలది అతని మనస్సు లోనికి ముడుచుకొనెను. ప్రతి విషయమును తనలో తాను తర్కించును. ప్రతి మనిషిని అనుమానించును. ప్రతి తప్పునకు లోకమునే దూషించును. పని చేయడు. ప్రేమించువారిని దగ్గఱకు రానీయడు. భార్యాబిడ్డలను సైతము బాధించును. తుదకు అతని జీవయాత్ర ఘోరవిషాదముతో ముగియును.

సీతారామారావు ఆలోచనాపరుడు కాడా? అవును, ఆలోచనాపరుడే. ఒంటరిగా లేడా? ఉన్నాడు. మఱి ధ్రువునికి దక్కినది అతనికేల దక్కలేదు? ఈ ప్రశ్నకు సమాధానము నవలలోనే కలదు. అతడు తన్ను తాను చూచుకొనుటకు ఒంటరి కాలేదు, తన్ను తాను సమర్థించుకొనుటకు ఒంటరి యయ్యెను. అతని మనస్సు అద్దము కాలేదు, న్యాయవాది యయ్యెను. ఆ న్యాయవాది ఎల్లప్పుడు ఒకే పక్షమున వాదించెను. క్రూసోవలె మేలుకీడులు రెండును వ్రాసి చూచుకొనియున్నచో, అతని పద్దులో భార్య ఆప్యాయత, హితుల మంచిమాట తప్పక కనబడియుండును. వాదనకు ముగింపు లేదు. పనికి ముగింపు కలదు. చేతికి పని లేక, హృదయమునకు ప్రేమ లేక, తలలో తర్కము మాత్రమే మిగిలినప్పుడు ఒంటరితనము మనిషిని తినివేయును.

అదే దశకమునకు చెందిన మఱియొక గొప్ప నవల బుచ్చిబాబు రచించిన చివరకు మిగిలేది. అందలి నాయకుడు దయానిధి వైద్యవిద్య నభ్యసించినవాడు. తల్లిని గూర్చి లోకము చెప్పుకొను మాటలు అతనిని నీడవలె వెన్నాడును. తాను చేయని పనికి తాను తలవంచుకొనవలసి వచ్చుట అతని దుఃఖము. ఎక్కడికి పోయినను ఆ మాటలు అతనికన్న ముందు అక్కడికి చేరును. అతడు రాయలసీమకు పోయి వైద్యము చేయును. వజ్రము దొరకి సంపన్నుడగును. మరల సంపాదించినదెల్ల పోగొట్టుకొనును. కీర్తి, ధనము, బంధుత్వము ఒక్కొక్కటిగా జారిపోవుచుండగా, జీవితమున తుదకు మిగులునదేమి అను ప్రశ్న అతనిని వదలదు. ఆ ప్రశ్నయే నవల పేరయ్యెను.

సీతారామారావునకు, దయానిధికి పోలికలు పెక్కు కలవు. ఇరువురును లోకముతో పొత్తు కుదరనివారు. ఇరువురును తమలో తాము మాటాడుకొనువారు. భేదము ఒక్కటే. సీతారామారావు లోకముపై పగ పెంచుకొనెను. దయానిధి లోకమును అర్థము చేసికొనుటకు ప్రయత్నించెను. తన్ను నిందించినవారిని ద్వేషించుటకన్న, తనతో తాను సమాధానపడుట ముఖ్యమని గ్రహించు దిశగా అతడు నడచెను. వైద్యుడై రోగుల బాధ చూచుటచేత అతని దుఃఖము అతనికి మాత్రమే చెందినదిగా ఉండిపోలేదు. ఒకే విధమైన ఒంటరితనము ఒకని కూల్చినది. మఱియొకనికి దారి చూపినది. కత్తి ఒక్కటే, పట్టినచేతిని బట్టి ఫలితము.

తెలంగాణ ప్రాంతమునకు చెందిన రచయిత నవీన్ వ్రాసిన అంపశయ్య 1969వ సంవత్సరమున ప్రచురింపబడెను. ఈ నవలానాయకుడు రవి. పల్లెటూరినుండి వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొను పేదవిద్యార్థి. అతని జీవితములోని ఒక్క దినమే నవలకు వస్తువు. పరీక్షల భయము, డబ్బు చింత, ఊరిలోని తల్లిదండ్రుల కష్టము, తోటివారి నడుమ తనను గూర్చిన న్యూనత, ఇవి యన్నియు అతని తలలో ఆగక ప్రవహించును. అట్టి ప్రవాహమును ఉన్నదున్నట్లు వ్రాయు పద్ధతికి చైతన్యస్రవంతి యని పేరు. భీష్ముడు కురుక్షేత్రమున బాణములపై పరుండెను. రవి తన ఆలోచనలపై పరుండెను. అతడు అడవిలో లేడు, దీవిలో లేడు. వసతిగృహమున, మిత్రుల నడుమ, నడినగరమున ఉన్నాడు. ఆధునిక మానవుని ఏకాంతము ఇట్టిది.

రవి కథ నేటికిని పాతబడలేదు. హైదరాబాదు నగరమున సనత్‌నగర్ నియోజకవర్గమును చూచినవారికి ఇది తెలియును. సనత్ అను ఉర్దూమాటకు పరిశ్రమ యని అర్థము. పేరునకు తగినట్లు ఇక్కడ కర్మాగారములు వెలసెను. పలు జిల్లాలనుండి కార్మికులు వచ్చి స్థిరపడిరి. వారి పిమ్మట విద్యార్థులు రాసాగిరి. నేడు అమీర్‌పేట వీథులలో కంప్యూటరు విద్యలు నేర్పు శిక్షణాలయములు, పోటీపరీక్షలకు సిద్ధపఱచు శాలలు, అడుగడుగున వసతిగృహములు కలవు. 2017వ సంవత్సరము నవంబరు నెలలో మెట్రో రైలు నడక ప్రారంభమైన పిదప, రెండు మార్గములు కలిసెడు అమీర్‌పేట కూడలి మఱింత రద్దీ యయ్యెను. పంజాగుట్ట చౌరస్తాలో సాయంకాలము వేళ వాహనముల మోత చెవులు చిల్లులు పొడుచును. బల్కంపేట ఎల్లమ్మ గుడికి ఉత్సవదినములలో జనము తండోపతండములుగా వచ్చును.

ఇంతటి జనసమ్మర్దమున ఒంటరితనమునకు చోటెక్కడిది అని అనిపించును. కాని వసతిగృహములోని ఒక గదిని తలచుకొని చూడవలెను. అందు నాలుగు మంచములు. నాలుగు జిల్లాల యువకులు. ఒకడు తెల్లవాఱుజామున లేచి తరగతికి పోవును. మఱియొకడు రాత్రి పనికి పోయి ఉదయము వచ్చి నిద్రించును. ప్రక్క మంచము వాని పేరు తెలియును గాని అతని దిగులు తెలియదు. ఇంటినుండి తల్లి ఫోనులో కుశలమడిగినచో, బాగున్నానని చెప్పును. ఉద్యోగము దొరకలేదని చెప్పడు. చేతిలోని డబ్బు అయిపోయినదని చెప్పడు. చెప్పినచో ఆమె బాధపడునని తలచును. యువతుల వసతిగృహములలోను ఇదియే స్థితి. గోడకు ఆవలను మనుష్యులే, ఈవలను మనుష్యులే. నడుమనున్న మనిషి ఒంటరి.

విచిత్రమేమనగా, అట్టివానికి ఒంటరితనము కలదు గాని ఏకాంతము లేదు. నాలుగు మంచముల గదిలో తనదని చెప్పుకొనదగిన మూల లేదు. చేతిలోని సెల్‌ఫోను క్షణక్షణము పిలుచును. అందులో ఇతరుల పెండ్లిండ్లు, ఇతరుల విహారములు, ఇతరుల విజయములు కనబడును. అది ఒంటరితనమును పోగొట్టదు, ఏకాంతమును ఉండనీయదు. ఆంగ్లరచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929వ సంవత్సరమున ప్రచురించిన ఒక గ్రంథములో, స్త్రీ రచన చేయవలెనన్నచో ఆమెకు కొంత ధనమును, తనదైన ఒక గదియు ఉండవలెనని వాదించెను. ఆ మాట రచయిత్రులకే కాదు, ఆలోచింపదలచిన ప్రతివారికిని వర్తించును. పెద్ద కుటుంబములలో, ఇరుకైన ఇండ్లలో పెరుగు బాలికలకు ఆ గది మఱియు దుర్లభము.

అయితే గది లేనివారికి మార్గము లేదా? ఉన్నది. పుస్తకమే ఆ గది. అమీర్‌పేట స్టేషనులో మెట్రో యెక్కి తార్నాక దిక్కుగా పోవు విద్యార్థి చేతిలో అంపశయ్య ఉన్నదనుకొందము. బండి నిండ జనము. నిలుచుండుటకు మాత్రమే చోటు. అయినను పుట తిప్పినంతనే అతడు రవితో ఉన్నాడు. ఆ రైలు అతనిని రవి తిరుగాడిన విశ్వవిద్యాలయ ప్రాంతమునకే కొనిపోవుచున్నది. తాను సిగ్గుపడి ఎవరికిని చెప్పని భయమే ఏండ్లక్రితము మఱియొక యువకుని చేత పలికింపబడినదని చదివినప్పుడు, అతని గుండెబరువు కొంత తగ్గును. తన బాధ తన ఒక్కని తప్పు కాదని తెలియును. కథలోని ఒంటరివాడు చదువరి ఒంటరితనమును పంచుకొనును.

ఒంటరితనమును, ఏకాంతమును లోకము ఒకే అర్థమున వాడుకొనుట కలదు. కాని ఈ కథలను చదివినవారు ఆ రెండింటిని వేఱుచేసి చూడగలరు. ఒంటరితనము మనిషిపై వచ్చి పడునది. ఏకాంతము మనిషి కోరి తెచ్చుకొనునది. ఒంటరితనమున మనిషి ఇతరులు తనకేమి చేయలేదో లెక్కించును. ఏకాంతమున తాను ఇతరులకేమి చేయలేదో లెక్కించును. అయితే వచ్చిపడిన ఒంటరితనమును ఏకాంతముగా మార్చుకొనుట సాధ్యమే. ధ్రువుడు అవమానముతో, సీత చెఱలో, క్రూసో ఓడప్రమాదముతో ఒంటరులైరి. వారెవరును దానిని ముందుగా కోరలేదు. కాని ఒకరు సాధనతో, ఒకరు ఆత్మగౌరవముతో, ఒకరు శ్రమతో దానిని సార్థకము చేసికొనిరి. సీతారామారావు మాత్రము దానిని మార్చుకొనలేకపోయెను.

ఇందుండి విద్యార్థులు గ్రహింపవలసిన సూత్రములు కొన్ని కలవు. దినమునకు కొంతసేపు, పదినిముషములైనను, ఆటలు, మాటలు, ఫోను ప్రక్కన పెట్టి ఊరక కూర్చుండుట మంచిది. ఆనాడు పలికిన మాటలను, చేసిన పనులను మనస్సున త్రిప్పిచూచుకొనవలెను. మేలును కీడును రెండును లెక్కింపవలెను. లెక్క తేలిన పిమ్మట లేచి ఏదో ఒక పని చేయవలెను. ఆలోచన దిగులుగా మాఱి, రోజుల తరబడి వదలక, తిండియు నిద్రయు సహింపని స్థితి కలిగినచో అది ఏకాంతము కాదు. అప్పుడు తల్లితోనో, తండ్రితోనో, గురువుతోనో, నమ్మదగిన మిత్రునితోనో, అవసరమైనచో వైద్యునితోనో చెప్పుకొనవలెను. చెప్పుకొనుట బలహీనత కాదు. ధ్రువునంతటివానికి మనువు మాట కావలసివచ్చినది. ప్రక్కవాడు మూగవోయి కూర్చున్నప్పుడు అతనిని పలుకరించుటయు విద్యార్థి ధర్మమే. సీతారామారావులను రక్షింపగల శక్తి ఒక్కొక్కప్పుడు చిన్న పలుకరింపునకు కలదు.

ప్రవరుడు ఇల్లు చేరెను. ధ్రువుడు రాజ్యము చేరి తండ్రి కౌగిలి పొందెను. క్రూసో స్వదేశమునకు మరలెను. నిజమైన ఏకాంతమునకు గుర్తు ఇదియే. అది మనిషిని జనులనుండి వేఱుచేయుటకు కాదు, మఱింత మంచివానిగా చేసి వారికి తిరిగి ఒప్పగించుటకు ఏర్పడినది. గింజ కొంతకాలము మట్టిలో ఒంటరిగా ఉండును. అక్కడనే ఉండిపోయినచో కుళ్ళును. మొలకెత్తి పైకి వచ్చినచో పదిమందికి నీడనిచ్చును.